తమ్ముడు వేసిన పత్తి

రివాల్వరు కొన్నాక సతీష్‌బాబుకి పొగరెక్కిందని జగ్గయ్యపేటలో చాలామంది అనుకుంటారు. పలకరిస్తే పలకడట. వెనకనుంచి పిలిస్తే తలైనా తిప్పడట. మొన్న కూరగాయల బండి దగ్గర ఒకావిడ ఈ మాట నాతోనే అంది. నాకు ఒళ్ళు మండింది. "పొగరు కాదు తల్లీ, చెవుడు. నలభై నాలుగేళ్ళకే వచ్చిన చెవుడు" అని నలుగురికీ వినపడేలా చెప్పి, ఏరిన బెండకాయలు అక్కడే పడేసి వచ్చేశాను. బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని. నోరు మూసుకోమంటే మూసుకునే రకం కాదు. ఎలాగూ నోరు విప్పాను కాబట్టి ఆయన సంగతి మొదటినుంచీ చెప్తాను.

నా పేరు ప్రసూనాంబ. మా ఇంటి పైవాటాలో నేనొక్కదాన్నే ఉంటాను. కింది వాటాలో సతీష్‌బాబు, ఆయన భార్య రాజ్యశ్రీ, ఇంటర్ చదివే కూతురు లహరి అద్దెకుంటారు. అసలు వాళ్ళది పెనుగంచిప్రోలు. మున్నేరు ఒడ్డున సొంత పొలం, పత్తీ మిరపా వేస్తారు. ఊళ్ళో డాబా ఇల్లు పెట్టుకుని ఇక్కడ అద్దెకుండటమేమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. ఒకరోజు మెట్ల మీద గోరుచిక్కుళ్ళు వలుస్తూ రాజ్యశ్రీయే చెప్పింది.

సతీష్‌బాబుకి ఒక్కడే తమ్ముడు, నవీన్‌బాబు. బాగా చిన్నవాడు. తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోతే ఈయనే వాణ్ణి పెంచాడు. రాజ్యశ్రీ కాపరానికి వచ్చేసరికి నవీన్ ఇంకా బడికి పోతున్నాడు. ఆ ఏడే క్రికెట్ బంతి తగిలి ముందుపన్ను సగం విరిగింది. అప్పటినుంచీ నవ్వొస్తే చాలు, ఎడమచేతి వెనకవైపు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. పెద్దవాడయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. రాజ్యశ్రీ అచ్చం వాడిలాగే నవ్వి చూపించి ఏడిపించేది.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే నవ్వుతావా? పన్ను కట్టించుకోరాదూ" అనేదట.

"కట్టించుకుంటే నవ్వు మారిపోద్ది వదినా" అనేవాడట వాడు.

వాళ్ళ చేలో బోరుకి దగ్గరగా ఏట్లో ఇసుక తవ్వుకుపోయే ట్రాక్టర్లు తిరిగేవి. తవ్వేకొద్దీ బోర్లో నీళ్ళు లోతుకి పోతున్నాయని నవీన్ ఆ ట్రాక్టర్లవాళ్ళతో రెండు మూడుసార్లు గొడవపడ్డాడు. ఆ సంవత్సరం పత్తి వేసిందంతా వాడే. విత్తనం ఎంచుకున్నదీ వాడే. మొదటి తీత పత్తిని బండికెత్తించుకుని సతీష్‌బాబు నందిగామ దగ్గర జిన్నింగు మిల్లుకి పోయాడు. ఆ మిల్లులో మిషన్లు ఆడుతుంటే పక్కనున్నవాడు అరిచినా వినపడదు. జేబులో ఫోను మోగింది ఆయనకి తెలియలేదు. బయటికొచ్చి టీ తాగుతూ చూసుకుంటే తమ్ముడు పంపిన వాయిస్ మెసేజి ఒకటి ఉంది. అది విని, బోరు మోటారు స్టార్టరుకి ఫ్యూజు కొని, ఇంటికి బయల్దేరాడు. అప్పటికే అక్కడ చేలో వాళ్ళు పార కర్రతో నవీన్ తల మీద ఒకటే దెబ్బ వేశారు. విజయవాడ ఆస్పత్రికి చేరేలోపు నవీన్ పోయాడు.

ఆ మెసేజి నాకు కంఠతా వచ్చు. నాకే కాదు, మా వీధిలో పాలు పోసే మనిషికి కూడా వచ్చు. రోజూ పొద్దున సతీష్‌బాబు టీ గ్లాసుతో కింది మెట్టు మీద కూర్చుని, ఫోను మోకాలి మీద పెట్టుకుని, ఒక్కసారి అది వినేవాడు. నేను పైన తులసికి నీళ్ళు పోస్తూ వినేదాన్ని.

"అన్నాయ్, స్టార్టరు ఫ్యూజు పోయింది, వచ్చేటప్పుడు ఒకటి పట్రా. వాళ్ళు మళ్ళీ ట్రాక్టర్లేసుకొచ్చారు. నేను మాట్లాడతాలే. నువ్వు కంగారుపడి బండి స్పీడుగా నడపమాక."

అంతే. చివర్లో ఒక చిన్న చప్పుడు, ఆ తర్వాత ఆగిపోతుంది. విన్నాక ఆయన గ్లాసు కడిగి బోర్లించి, పెనుగంచిప్రోలు ఆటో ఎక్కి చేలోకి పోయేవాడు. వాణ్ణి అలా రోజుకొక్కసారి వింటేనే ఆయనకి రోజు గడిచేది. ఈ సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

కొట్టినవాళ్ళు ముగ్గురు. కొన్నాళ్ళకి బెయిలు మీద బయటికొచ్చారు. రాజ్యశ్రీ ఇంక ఊళ్ళో ఉండనంటే ఉండనని పట్టుబట్టింది. అందుకే జగ్గయ్యపేట వచ్చారు. వాళ్ళు మాత్రం ఇక్కడికి రారా? ఒకడు బస్టాండు దగ్గర టీ కొట్లో కూర్చుని ఈయన్నే గుడ్లప్పగించి చూసేవాడు. ఒకరోజు పక్కన నడుస్తూ "తమ్ముడు గుర్తొస్తన్నాడా? నువ్వూ ఎల్తావా ఆడి దగ్గరికి?" అన్నాడట. పోలీసులకి చెప్తే, సాక్షులెవరన్నారు. ఆ వారంలోనే సతీష్‌బాబు రివాల్వరు లైసెన్సుకి అర్జీ పెట్టాడు. ప్రాణభయం ఉన్న కేసు కాబట్టి, తిరగ్గా తిరగ్గా వచ్చింది.

నాకు తుపాకులంటే గిట్టదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. "ఏమయ్యా సతీషూ, ఆడపిల్ల తిరిగే ఇంట్లో అది ఎందుకయ్యా?"

"కాల్చడానికి కాదు టీచరుగారూ. ఉందని తెలిస్తే చాలు. దగ్గరికి రారు" అన్నాడు.

కొనడానికి తోడు డేవిడ్‌రాజుని తీసుకెళ్ళాడు. డేవిడ్‌రాజు రెడ్డిగూడెం మనిషి. మిలిటరీలో చేసొచ్చి, ఇక్కడ ఒక బ్యాంకు గుమ్మంలో తుపాకీతో నిలబడే ఉద్యోగం చేస్తున్నాడు. పాపం మంచివాడే. అందరూ కొనే చిన్న బోరుది, అంటే గొట్టం సన్నది, కొనమని ఆయన నెత్తీ నోరూ బాదుకున్నాడు. జేబులో ఇమిడిపోతుంది, తేలిగ్గా పేలుతుంది అని చెప్పాడు. సతీష్‌బాబు తలకెక్కించుకోలేదు. హైదరాబాదులో ఒక పెద్దాయన కాటికి కాళ్ళు చాపుకుని తన పాత విదేశీ రివాల్వరు అమ్ముతున్నాడని తెలిసి అక్కడికి పోయారు. అది పెద్ద బోరుది. గుండు ఒక్కోటి నా బొటనవేలంత లావు. ఆ పెద్దాయనే ఈయన చెయ్యి చూసి, "ఇది మీ చేతికి ఎక్కువండీ. గట్టిగా తంతుంది. నాకు వయసులో ఉన్నప్పుడే మణికట్టు నెలరోజులు వాచింది" అన్నాడట.

"వాళ్ళు ముగ్గురండీ. చూడగానే వెనక్కి పోవాలి" అన్నాడట ఈయన.

రోడ్డు పక్క ఎకరం అమ్మి ఆ తన్నేదాన్ని కొనుక్కొచ్చుకున్నాడు. ఇంటికి తెచ్చిన రోజు రాజ్యశ్రీ నన్ను పిలిచి చూపించింది. ఒక్క చేత్తో ఎత్తబోయాను. పచ్చడిబండంత బరువుంది. ఇంతోటి దానికి ఎకరం నేలా అనబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను. తమ్ముడు పోయాక మొదటిసారి ఆ మొహంలో కాస్త ధీమా కనపడింది.

కాల్చడం నేర్చుకోవాలంటే షూటింగు రేంజికి పోవాలి. అది చట్టం. ఇక్కడినుంచి రేంజికి ఎవరు పోతారు? ముక్త్యాల రోడ్డులో సున్నపురాయి తవ్వి వదిలేసిన ఒక గొయ్యి ఉంది. మూడువైపులా రాతిగోడలు, తాటిచెట్టంత లోతు. ఆదివారం పూట ఇద్దరూ అక్కడికి పోయేవాళ్ళు. తప్పే. నేనేం వెనకేసుకు రావట్లేదు.

మొదటి దెబ్బకే రివాల్వరు ఎగిరి ఆయన నుదుటికి కొట్టుకుంది. కనుబొమ మీద కుట్లతో ఇంటికొచ్చి, లారీ తలుపు తగిలిందని పెళ్ళానికి చెప్పాడు. రెండో ఆదివారం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చీలింది. మూడోవారం మణికట్టు బూరెలా పొంగింది. అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాడు. చెంచాతో పప్పన్నం తినే రైతుని నేను అప్పుడే చూశాను.

ఇంకొకడైతే అమ్మేసేవాడు. ఈయన పట్టుదల వేరు. చెయ్యి గట్టిపడాలని నీళ్ళ బకెట్లు రెండు చేతులా చాచి పట్టుకుని పెరట్లో నిలబడేవాడు. రాత్రి రాజ్యశ్రీ చేత నువ్వులనూనె మర్దనా చేయించుకునేవాడు. రివాల్వరు పిడికి సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టాడు. అన్నిటికన్నా విచిత్రం, దుప్పట్లు ఉతకడం మొదలుపెట్టాడు. తడి దుప్పటి మెలితిప్పి పిండితే మణికట్టుకి బలమని డేవిడ్‌రాజు చెప్పాడట. వాళ్ళింట్లో దుప్పట్లు అయిపోయాక పైకొచ్చి, "టీచరుగారూ, ఉతికేవేమైనా ఉన్నాయా?" అని అడిగేవాడు.

"ఉన్నాయి నాయనా. రివాల్వరు కొన్నది నువ్వు, పుణ్యం దక్కింది నాకు" అని కర్టెన్లు కూడా విప్పి ఇచ్చాను. రాజ్యశ్రీ ఆ రోజు కడుపుబ్బ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడింది ఆ కొద్దిరోజులే.

డేవిడ్‌రాజు పాఠం కూడా మా పెరట్లోనే జరిగేది. గుళ్ళు తీసేసిన రివాల్వరు ఆయన చేతిలో పెట్టి, ఎక్కడ పట్టుకోవాలో, పైకి ఎంత జరిపి పట్టుకోవాలో చూపించేవాడు.

"దాంతో కుస్తీ పట్టబాకండి. అది లేస్తది, లేవనియ్యండి. రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు కాస్త వదులుగా పెట్టండి. దెబ్బ మణికట్టులో ఆగకూడదు, భుజం దాకా పోవాలి. కళ్ళు మూసుకోబాకండి" అనేవాడు.

నెలలు పట్టింది గానీ, వచ్చింది. ఏడాదికి లైసెన్సు మీద ఇచ్చే గుళ్ళన్నీ ఆ గోతిలోనే అవగొట్టి, మళ్ళీ ఏడు మళ్ళీ తెచ్చుకున్నాడు. చెయ్యి వాయడం మానేసింది. రాతిగోడ మీద సున్నంతో గీసిన గుండ్రంలో తగులుతోందని ఒకరోజు ఎంతో సంబరంగా చెప్పాడు.

ఇద్దరి ధ్యాసా ఆ చేతి మీదే. నొప్పి పుట్టేది చెయ్యే కదా, కుట్లు పడేది నుదుటికే కదా. చెవుల సంగతి ఎవరికీ పట్టలేదు. ఊరికే వదిలేశారని కూడా అనలేను. చెవుల్లో పత్తి పెట్టుకునేవాడు.

ఆ పత్తి మాట చెప్పాలి. నవీన్ పోయిన ఏడు చేలో మిగిలిన తీతలన్నీ సతీష్‌బాబు అమ్మేశాడు గానీ, ఒక్క దిండు గలీబులో పట్టినంత ఉంచుకున్నాడు. గింజ తీయించి, తెల్లగా, అటక మీద భద్రంగా పెట్టాడు. తమ్ముడు చేత్తో వేసిన ఆఖరి పంట అది. దీపం వత్తులకి కూడా ఇవ్వడని రాజ్యశ్రీ చెప్పేది. గోతికి పోయేటప్పుడు మాత్రం అందులోంచి చిటికెడు తీసి జేబులో వేసుకునేవాడు. "బజారు దూదికన్నా మాది చిక్కనిది టీచరుగారూ. పింజ పొడుగు. వాడు ఎంచిన విత్తనం. వాడే నాకు కాపు" అన్నాడు నాతో. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పత్తిలో పెరిగినవాడు. ఏ పింజ ఎంత పొడుగో పట్టుకుని చెప్పగలడు. దేన్ని నమ్మినా నమ్మకపోయినా పత్తిని నమ్మాడు. ఆ మాటకి నాకే కళ్ళు చెమర్చాయి. మంచి పని చేస్తున్నాడనే అనుకున్నాను.

పత్తి చప్పుణ్ణి ఆపదట. అంత పెద్ద బోరు చప్పుణ్ణి అసలు ఆపదట. పైగా మూడువైపులా రాయి. ఒక్కో పేలుడూ మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చి చెవుల్లోనే పడేది. ఇవన్నీ తర్వాత డాక్టరు చెప్తే తెలిశాయి.

మొదట టీవీ సౌండు పెరిగింది. తర్వాత పొయ్యి మీద కుక్కరు కూతపెడుతోందని లేచి లేచి వంటింట్లోకి పోయేవాడు. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. లహరి "నాన్నా, ఫీజు కట్టాలి" అంటే "ఆ, పడుకో" అనేవాడు. ఆ పిల్ల కొన్నాళ్ళు అరిచి చెప్పింది. గొంతు నొప్పి పుట్టి, చెప్పినా సరిగ్గా చేరదని విసుగేసి, నాన్నతో మాట్లాడటం తగ్గించేసింది. అవసరమైతే ఫోన్లో టైపు చేసి చూపిస్తుంది. ఒకే ఇంట్లో ఉంటూ తండ్రీ కూతురూ అలా అయిపోయారు.

పొద్దున్నే వినే మెసేజి కూడా మారింది. ఫోను మోకాలి మీదినుంచి చెవి దగ్గరికి వచ్చింది. సౌండు ఎంత పెంచేవాడంటే, నవీన్ నా వరండాలో నిలబడి మాట్లాడుతున్నట్టుండేది. ఒకసారి వినేవాడు కాస్తా రెండుసార్లు, మూడుసార్లు వినడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆయన మొహం వాడిపోయి, "ఫోను స్పీకరు పోయింది టీచరుగారూ. మాట ముద్దగా వస్తోంది" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. పైన నాకు ఒక్కో అక్షరం వినపడుతోంది మరి.

ఆ పూటే బస్టాండు దగ్గర సెల్ రిపేరు కొట్టుకి పోయాడు. నేను మందులకని రాజ్యశ్రీతో కలిసి ఆ పక్కనే ఉన్నాను. కొట్టువాడు స్పీకరు విప్పి, తుడిచి, బిగించి, మెసేజి పెట్టాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూసేంత గట్టిగా వచ్చింది. "బానే ఉందన్నా, క్లియర్‌గా వస్తంది" అన్నాడు కొట్టువాడు. సతీష్‌బాబు వాడి పెదాల వంక చూశాడు. మా ఇద్దరి వంకా చూశాడు. రాజ్యశ్రీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ఫోను తీసుకుని ఇంటికి నడిచాడు.

విజయవాడలో చెవి డాక్టరు గాజుగదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, లోపలి నరం దెబ్బతిందన్నాడు. పోయింది తిరిగి రాదన్నాడు. చెవులకి మిషన్లు ఇచ్చాడు. వాటితో చప్పుళ్ళు వచ్చేవి. లారీ హారన్లు, గిన్నెలు పడటం, కుక్కల అరుపులు అన్నీ వచ్చేవి. మాట మాత్రం విరిగి ముక్కలై వచ్చేది. మిషన్లు పెట్టుకుని మొదటిరోజు మెసేజి విన్నాడు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. మధ్యలోనే ఆపేసి, మిషన్లు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏమైందయ్యా?" అని కిందికి దిగి, ఎదురుగా నిలబడి అడిగాను.

"ఎవడో డబ్బాలోంచి మాట్లాడుతున్నాడు టీచరుగారూ. వాడు కాదు" అన్నాడు.

ఆ మర్నాటినుంచీ పొద్దున్న ఆయన టీ మాత్రమే తాగి వెళ్ళేవాడు.

డేవిడ్‌రాజు చూడ్డానికొచ్చాడు. నేనూరుకుంటానా? మెట్ల మీదే నిలబెట్టి దులిపేశాను. చేతులకి అన్ని పాఠాలు చెప్పావు, చెవులు కనపడలేదా నీకు అన్నాను. ఆయన తల వంచుకుని, "సర్వీసంతా మేం పత్తే పెట్టుకున్నామండి. నాక్కూడా ఎడం చెవి వినపడదు. వయసని అనుకున్నా" అన్నాడు. నేను పక్కకి తప్పుకున్నాను. ఆయన లోపలికి పోయి సతీష్‌బాబు పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు అరుచుకుంటూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. కాసేపటికి డేవిడ్‌రాజు సతీష్‌బాబు మణికట్టు పట్టుకున్నాడు. రాయిలా గట్టిపడిన మణికట్టు. ఎంత దెబ్బైనా తట్టుకుంటుంది.

ఆ రివాల్వరు వల్ల ఒక్క మేలు జరగలేదా అంటే, ఏమో. ఆ ముగ్గురూ పెనుగంచిప్రోల్లో ఒకసారి వెనకనుంచి ఏదో కూశారట. ఈయన వినపడక తన దారిన తాను పోయాడు. నడుముకి రివాల్వరుంది కాబట్టే లెక్కచెయ్యలేదని ఊరంతా చెప్పుకున్నారు. రాజ్యశ్రీ మాత్రం నా దగ్గర ఏడ్చింది. "వాళ్ళు వెనకనుంచి వస్తే ఈయనకి తెలీదండీ. ఇదివరకైనా అడుగుల చప్పుడు వినేవాడు" అంది. ఆవిడ భయం నిజం. కాపాడుకోడానికని కొన్న వస్తువే ఆయన్ని కాపలా లేకుండా చేసింది.

ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించమన్నారు. ఈయనా అప్పగించాడు. ఫలితాలొచ్చి, మిగతావాళ్ళంతా తెచ్చుకున్నారు. స్టేషన్నుంచి ఈయనకి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఆయనకి వినపడదు, విన్న రాజ్యశ్రీ చెప్పదు. చివరికి కానిస్టేబులే ఇంటికొచ్చాడు. సతీష్‌బాబు పోయి తెచ్చి, ఇంట్లో కూడా పెట్టకుండా నేరుగా విజయవాడలో డీలరు దగ్గర అమ్మకానికి పెట్టి వచ్చాడు. పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క మాత్రం విప్పి తెచ్చుకున్నాడు. ఎందుకో నేనడగలేదు.

మొన్న శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం. నేను భోంచేసి వరండాలో నడుం వాల్చాను. సతీష్‌బాబు మెట్లెక్కి పైకొచ్చాడు. ఆ దుప్పట్ల రోజులు పోయాక పైకి రావడమే మానేశాడు. చేతిలో ఫోనుంది.

"టీచరుగారూ, ఒకటడగాలి. మీరు రోజూ వినేవారుగా. వాడు చివర్లో, నడపమాక అన్నాక, నవ్వాడా? దగ్గాడా?"

నేను లేచి కూర్చున్నాను.

"నాకు గుర్తుండట్లేదు" అన్నాడు. "మాటలన్నీ ఉన్నాయి. రాసుకున్నా. గొంతే పోతోంది. రాత్రి ఎంత ఆలోచించినా చివర్లో ఏం చేశాడో రావట్లేదు. దగ్గితే, అప్పటికే భయపడ్డాడేమో అని."

ఫోను తీసుకుని చెవికి ఆనించుకున్నాను. పైనుంచి ఎన్నోసార్లు విన్నాను గానీ ఆ చిన్న చప్పుడేమిటో ఎప్పుడూ పట్టించుకోలేదు. దగ్గరగా వింటే తెలిసిపోయింది. నవ్వే. ముక్కులోంచి మొదలై, చేతికి తగిలి ఆగిపోయిన చిన్న నవ్వు.

"నవ్వాడయ్యా" అని ఆయన మొహంలోకి చూసి, పెదాలు బాగా కదిపి చెప్పాను.

"ఎలా నవ్వాడు? ఒకసారి నవ్వండి, చూస్తాను" అన్నాడు.

నేను నవ్వబోయాను. మీ మీదొట్టు, నవ్వాలనే అనుకున్నాను. పక్కలో పెట్టుకుని పెంచుకున్న తమ్ముడి నవ్వు నా ముసలిమొహంలో వెతుక్కుంటూ, కళ్ళు ఇంత చేసుకుని నిలబడ్డాడు ఆయన. నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి బొటబొటా కారిపోయాయి.

ఆయన మొహం తెల్లబోయింది. "ఏడ్చాడా టీచరుగారూ?" అన్నాడు.

కాదయ్యా, కాదని తల ఊపాను, చేతులు ఊపాను, అరిచాను. ఆయన నా కన్నీళ్ళనే చూస్తున్నాడు. ఆయనకి కనపడేదే నిజం కదా ఇప్పుడు. "నన్ను కంగారుపడొద్దని చెప్పి వాడు ఏడ్చాడా?" అంటూ మెట్టు మీద కూలబడ్డాడు. నా జన్మలో నా మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు.

"రాజ్యశ్రీ, పరిగెత్తుకు రా" అని కిందికి కేకేశాను.

పిండి చేతులతో వచ్చింది. సంగతి చెప్పాను. ఫోను చెవికి పెట్టుకుని మెసేజి మొత్తం వింది. మరిది పోయాక అది తనంతట తాను వినడం అదే మొదటిసారట. రోజూ మొగుడు పెట్టినప్పుడల్లా వంటింట్లో కుళాయి విప్పుకునేది.

విన్నాక ఫోను నా చేతికిచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుంది. ఎడమచేతి వెనకవైపు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కాస్త పైకెత్తి నవ్వింది. పిండి మూతికంటింది. నేను నవీన్‌ని ఎన్నడూ చూడలేదు. ఆ క్షణం చూశాను.

సతీష్‌బాబు చెయ్యి చాచి, ఆ నోటికి అడ్డం పెట్టిన చేతిని మెల్లగా తాకాడు.

"ఇదే" అన్నాడు. "నవ్వాడు."

ఇప్పుడు రోజూ పొద్దున టీ గ్లాసుతో ఆయన కింది మెట్టు మీద కూర్చుంటాడు. రాజ్యశ్రీ పని ఆపుకుని వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. పెదాలు మాత్రం కదుపుతూ ఆ నాలుగు మాటలూ చెప్తుంది. అన్నాయ్ దగ్గర మొదలుపెట్టి నడపమాక దాకా. చివర్లో చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. పైన నాకు ఏమీ వినపడదు. ఆయన గ్లాసు కడిగి బోర్లించి ఆటో ఎక్కడానికి వెళ్ళాక, ఆవిడ ఆ చెయ్యి మొహానికి అలాగే అడ్డం పెట్టుకుని కాసేపు అక్కడే కూర్చుంటుంది.